గింజ మార్చినంత మాత్రాన షుగర్ తగ్గదు

షుగర్ వ్యాధి ఉన్నవాళ్లు తెల్లన్నం మానేసి మరో ధాన్యానికి మారితే చాలన్నది తెలంగాణలో నల్లగొండ సీమలోని మేళ్లచెరువు, హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో ఇవాళ దాదాపు తిరుగులేని అభిప్రాయం. పొద్దున రాగి జావ, రాత్రికి చపాతీలు, చేతిలో డబ్బుంటే కొర్రలు, అండుకొర్రలు, అవేవీ సయించకపోతే ‘షుగర్ లెస్’ అని పేరు పడ్డ సన్నబియ్యం. దవాఖాన వరండాలో వంతు కోసం కూర్చున్నవాళ్లు ఒకరికొకరు చెప్పుకునేది ఇదే. కిరాణా కొట్లో చెప్పేదీ ఇదే. మందుల చీటీ చివర రెండు ముక్కల్లో రాసిచ్చేదీ చాలాసార్లు ఇదే. చెప్పడానికి తేలిక, వినడానికి ఇంపు, ఎందుకంటే ఇందులో ఎవరూ ఏదీ తగ్గించుకోనక్కర్లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

ముందు అంకెలు చూడాలి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం వంద గ్రాముల తెల్ల బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములు. ముడి బియ్యంలో 75. జొన్నల్లో 68, రాగుల్లో 67, సామల్లో 66, గోధుమ పిండిలో 64, సజ్జల్లో 62. వరికీ, వరి బదులు ఇంటికి తెచ్చుకునే ధాన్యాలకూ మధ్య తేడా మహా అయితే వందకు పదీ పదహారు గ్రాములు. పీచు విషయంలో తేడా పెద్దదే. తెల్ల బియ్యంలో అది మూడు గ్రాములకు లోపు, జొన్న, రాగి, గోధుమల్లో పదికి పైన. ఆ మేలును కాదనే పని లేదు. కాకపోతే పీచు చేసేది చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని కొంత తగ్గించడం. కడుపులో పడ్డ పిండి దాదాపు అంతా ఎప్పటికైనా చక్కెరగా మారాల్సిందే.

చపాతీ సంగతి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. నలభై గ్రాముల పిండితో ఒత్తిన చపాతీ ఒకదానిలో పాతిక గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. రాత్రి నాలుగు తింటే లెక్క వంద దాటుతుంది. 130 గ్రాముల బియ్యం వండుకుని తిన్నా అంతే, అంటే పెద్ద గిన్నె నిండా అన్నం. పైగా చపాతీలకు జతగా పొయ్యి ఎక్కేది తరచు ఆలుగడ్డ కూర. అన్నం మానేశామన్న ధీమాతో పిండి మీద పిండి తినడం ఇది. చపాతీ వల్ల షుగర్ దిగొచ్చిన ఇళ్లు లేకపోలేదు. అక్కడ జరిగింది వేరు. రోజూ పిండి కలిపి, ఒత్తి, కాల్చే ఓపిక లేక మనిషికి రెండుతో సరిపెట్టారు. మేలు చేసింది ఆ రెండనే లెక్క, పేరు మాత్రం గోధుమకు వచ్చింది.

రాగి జావకు వచ్చిన పేరు ఇంతకంటే విచిత్రం. రాగుల్లో కాల్షియం సమృద్ధిగా ఉంటుంది, పిల్లలకూ బాలింతలకూ అది మంచి ఆహారం. అయితే ధాన్యం ఎంత మెత్తగా విసిరితే, ఎంత ఎక్కువ సేపు నీళ్లలో ఉడికితే, అంత తొందరగా అరిగి చక్కెరవుతుంది. జావ ఈ రెండు పనులూ ముందే పూర్తి చేసి గ్లాసులో పోసి ఇస్తుంది, నమిలే శ్రమ కూడా లేకుండా. అదే పిండిని రొట్టెగా కాల్చి, కూరతో నమిలి తింటే పరిస్థితి కొంత నయం. పరగడుపున పెద్ద గ్లాసుడు జావ తాగి, గంట తర్వాత నాలుగు ఇడ్లీలు తిని, ‘జావ తాగుతున్నా షుగర్ దిగట్లేదు’ అని వాపోవడం ఈ ఊళ్లలో కొత్త మాటేమీ కాదు.

సిరిధాన్యాల వాదానికి ఇంతకంటే గట్టి మద్దతుంది. మైసూరు కేంద్రంగా పనిచేసే ఖాదర్ వలి ప్రసంగాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటింటికీ చేరాయి. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, అదే ఏడాదిని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. నీళ్లు తక్కువ తాగే పంటలుగా, పీచున్న తిండిగా కొర్రలకూ సామలకూ దక్కిన గౌరవం న్యాయమైనదే. అన్నం తిన్నంత కొర్రన్నం తినవచ్చనే అనుమతి పత్రంగా దాన్ని చదువుకోవడం దగ్గరే తప్పు జరుగుతోంది.

ఇక షుగర్ లెస్ బియ్యం. రాజేంద్రనగర్ వ్యవసాయ పరిశోధకులు తయారుచేసి 2015లో విడుదల చేసిన ఆర్‌ఎన్‌ఆర్ 15048 అనే తెలంగాణ సోనా రకానికి ఈ పేరు అంటుకుంది. బియ్యం మిల్లులకు పెట్టింది పేరైన మిర్యాలగూడ పక్కనే ఉండగా ఆ మాట చుట్టుపక్కల పాకడానికి ఎంతో కాలం పట్టలేదు. రకం మంచిదే. తిన్నది రక్తంలో చక్కెరను ఎంత ఎక్కిస్తుందో చూపే అంకె, గ్లైసీమిక్ ఇండెక్స్, దానిది 51 చిల్లర అని తేలింది. కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), వరి పరిశోధన సంస్థ కలిసి తెచ్చిన మెరుగుపరచిన సాంబ మసూరిదీ ఇంచుమించు అంతే. మామూలు బియ్యం చాలావరకు 70 చుట్టుపక్కల ఉంటాయి కాబట్టి ఈ తేడా నిజమైనదే. అందులో చక్కెర లేదనడం మాత్రం పచ్చి అబద్ధం. ఆ ఇండెక్స్ పరీక్షలో పదార్థాన్ని సాధారణంగా 50 గ్రాముల పిండిపదార్థం ఉండే కొలతలోనే తినిపించి చూస్తారు. 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం దీన్ని ప్రతిపాదించినప్పటి నుంచీ పద్ధతి అదే. కంచంలో ఎంత వడ్డించుకున్నారో ఆ అంకెకు తెలియదు.

అది తెలియాలంటే ఇండెక్స్‌ను తిన్న పిండిపదార్థంతో గుణించి వందతో భాగించాలి. 150 గ్రాముల తెలంగాణ సోనా వండుకుంటే అందులో పిండిపదార్థం 117 గ్రాములు. దాన్ని 51తో గుణించి వందతో భాగిస్తే 60 వస్తుంది. మామూలు బియ్యమే 75 గ్రాములు వండుకుంటే పిండిపదార్థం 58 గ్రాములు, 70 ఇండెక్స్‌తో లెక్క 41. ఒక పూట తిన్న ఒక పదార్థానికి ఈ లెక్క 20 దాటితేనే ఎక్కువ కింద జమ. చవక బియ్యం సగం తిన్నవాడి రక్తం ఖరీదైన బియ్యం కంచం నిండా తిన్నవాడి రక్తం కంటే మెరుగ్గా ఉంటుందన్నమాట. బస్తా మీద ఎవరూ అచ్చువేయని లెక్క ఇది.

ఈ వాదన అంకెల గారడీ అనుకునేవాళ్లకు దేశంలోనే జరిగిన పెద్ద సర్వే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి చేయించిన ఇండియాబ్ అధ్యయనం 2023లో దేశంలో 10 కోట్లకు పైగా షుగర్ రోగులున్నారని అంచనా కట్టింది. అదే అధ్యయనం నుంచి 2025లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన వ్యాసం తిండి మీద దృష్టి పెట్టింది. లక్షా ఇరవై వేల మందికి పైగా పెద్దల వివరాలు అందులో ఉన్నాయి. భారతీయులకు శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే అందుతోందని తేలింది. మొత్తం పిండి తగ్గించకుండా, తెల్ల ధాన్యం బదులు గోధుమ పిండో చిరుధాన్యాల పిండో వాడినందువల్ల షుగర్ ముప్పు తగ్గిన జాడ కనపడలేదు. పిండిలో కొంత భాగాన్ని పప్పుధాన్యాల, పాల మాంసకృత్తులతో భర్తీ చేస్తే ముప్పు తగ్గుతుందని లెక్క తేలింది. అంతకు ముందు 2022లో ఇదే బృందం, కొత్తగా షుగర్ బయటపడ్డవాళ్లు పిండిని 49 నుంచి 54 శాతానికి దించి, మాంసకృత్తులను 20 శాతం దాకా పెంచాలని లెక్కగట్టింది. పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకాలు కూడా ధాన్యాలకు, చిరుధాన్యాలను కలుపుకునే, శక్తిలో 45 శాతం దాటి చోటివ్వలేదు.

‘మా తాతలు జొన్నరొట్టె, గటక తిని నూరేళ్లు బతికారు, వాళ్లకు షుగర్ లేదు’ అనే మాట ఈ చర్చలో తప్పకుండా వస్తుంది. అది సగం నిజం. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలే దాకా ఈ నేల ఎక్కువ భాగం మెట్ట. జొన్న, సజ్జ, కంది, ఆముదం పండేవి. వరి అన్నం పండక్కో పెళ్లికో. అయితే ఆ తాతలు జొన్నలు తిన్నారనడంతో పాటు ఎంత తిన్నారు, రోజుకు ఎన్ని మైళ్లు నడిచారు, ఎన్ని గంటలు నాగలి పట్టారు అనేవీ చెప్పుకోవాలి. కరువు సంవత్సరాల్లో అర్ధాకలితో గడిపిన వాళ్ల ఒంటిని చూపించి, మోటారు సైకిలు మీద పొలానికి వెళ్లే మనవడికి జొన్నరొట్టెలు ఎన్నయినా తినవచ్చనడం న్యాయం కాదు. ఎడమ కాలువ వచ్చాక పొలం వరి అయింది. 1983లో కిలో రెండు రూపాయల పథకంతో పేదింటి కంచం కూడా వరి అయింది. 2025 ఉగాది నాడు, మార్చి 30న, హుజూర్‌నగర్‌లోనే మొదలైన ఉచిత సన్నబియ్యం పథకం మనిషికి నెలకు ఆరు కిలోలిస్తోంది. రోజుకు 200 గ్రాములు, అంటే 156 గ్రాముల పిండిపదార్థం. ఆకలి తీర్చే పథకంగా దాన్ని తప్పుపట్టలేం. షుగర్ ఉన్న మనిషికి మాత్రం రోజంతా తినదగ్గ పిండిలో పెద్ద వాటా ఒక్క ఆ కోటాతోనే నిండిపోతుంది.

మరి ఏం వండుకోవాలి? పట్నాల్లో లో కార్బ్ వంట అంటే బాదం పిండి రొట్టె, క్యాలీఫ్లవర్ అన్నం అనే భావన స్థిరపడింది. మేళ్లచెరువులో దొరికే కూరగాయలతో, పొయ్యి మీద ఉన్న గిన్నెలతో ఆ పని జరుగుతుంది. మార్చాల్సింది భోజనం నడిచే తీరు. తెలుగు భోజనంలో అన్నం మూడు విడతలుగా కంచంలోకి వస్తుంది. పప్పులోకో కూరలోకో మొదటిసారి, చారులోకో పులుసులోకో రెండోసారి, పెరుగులోకి మూడోసారి. ఒక్కో విడతకూ రెండేసి గరిటెల అన్నం, దాన్ని తడపడానికి చెంచాడు కూర. షుగర్ ఉన్నవాళ్లు అన్నాన్ని మొదటి విడతకే ఉంచుకుని, చారును గ్లాసులో తాగి, పెరుగును దోసకాయ ముక్కలతో తినేస్తే మూడింట రెండు వంతుల బియ్యం దానంతటదే తగ్గిపోతుంది. వంట మారలేదు, వంటగది మారలేదు. కూర ముందు తిని, అన్నం చివర కలుపుకుంటే భోజనం తర్వాత చక్కెర ఇంకా తక్కువ ఎక్కుతుంది.

ఇక్కడే చాలామంది మొదటి వారంలోనే చేతులెత్తేస్తారు, దానికి కారణం వైద్య గ్రంథాల్లో దొరకదు. కూర ఎక్కువ, అన్నం తక్కువ తినమంటే నోరు మండిపోతుంది. నల్లగొండ సీమ కూరలో ఉప్పూ కారమూ దానికి మూడింతల అన్నాన్ని దృష్టిలో పెట్టుకుని పడతాయి. అదే కూరను గిన్నెడు తినబోతే బీపీ ఉన్నవాళ్లకు ఉప్పు చేటు, కడుపుకు కారం చేటు. కూరను భోజనంగా తినదలిస్తే ఉప్పు, కారం, చింతపండు మూడూ సగానికి దించి వండాలి. ఈ ఒక్క సంగతి చెప్పకుండా ‘అన్నం తగ్గించండి’ అని పంపేయడం సగం వైద్యం.

బీరకాయ కోడిగుడ్డు కూర దీనికి మంచి ఉదాహరణ. పావుకిలో లేత బీరకాయల్లో పిండిపదార్థం అయిదు గ్రాములు దాటదు. చెంచాడు నూనెలో జీలకర్ర, చీల్చిన రెండు పచ్చిమిరపకాయలు, ఒక చిన్న ఉల్లిగడ్డ వేసి, మెత్తబడ్డాక చెక్కు తీసిన బీరకాయ ముక్కలు, చిటికెడు పసుపు వేసి మూత పెట్టాలి. నీళ్లు పోయనక్కర్లేదు, బీరకాయే ఊరుతుంది. ఉప్పు మొదట్లో వేస్తే అంచనా తప్పుతుంది. ముక్కలు ఊరి, దగ్గరపడి సగమైన తర్వాతే వేయాలి. అప్పుడు రెండు గుడ్లు కొట్టి పోసి, వెంటనే కలియబెట్టకుండా ఒక నిమిషం వదిలేస్తే పెద్ద పెద్ద ముక్కలుగా గట్టిపడతాయి. తొందరపడి కలిపితే కూరంతా పిండి కలిపినట్టు అవుతుంది. దించేముందు కొత్తిమీర. ఇది ఒక మనిషికి కూర, రెండు గుడ్ల నుంచి పన్నెండు పదమూడు గ్రాముల మాంసకృత్తులు. పక్కన 50 గ్రాముల బియ్యంతో వండిన చిన్న కప్పు అన్నం పెట్టుకుంటే భోజనం మొత్తంలో పిండిపదార్థం యాభై గ్రాముల లోపే.

గుడ్డు తినని ఇంట్లో అదే కూరలో నానబెట్టిన పెసరపప్పు గుప్పెడు పడుతుంది, లేదా వేయించి దంచిన పల్లీల పొడి. పల్లీల్లో పిండి 17 శాతమే, మాంసకృత్తులు 24 శాతం దాకా ఉంటాయి. పప్పు విషయంలో కాస్త జాగ్రత్త అవసరం. కందిపప్పులో పిండిపదార్థం సగానికి పైనే, కాబట్టి ముద్దపప్పు కంటే ఆకుకూర పప్పు మేలు, అందులోనూ పప్పు తక్కువ, తోటకూరో గోంగూరో పాలకూరో ఎక్కువ. కాకర, దొండ, బెండ, వంకాయ, సొర, పొట్ల, గోరుచిక్కుడు ఎంత తిన్నా భయం లేని కూరలు. పక్కన పెట్టాల్సినవి ఆలుగడ్డ, చామగడ్డ, కందగడ్డ. కాకరకాయలో బెల్లం వేసి వండే అలవాటును కూడా వదులుకోవాలి, కాకరకాయ తిన్నామన్న పుణ్యం ఆ బెల్లంలోనే కరిగిపోతుంది. కృష్ణ, పులిచింతల జలాశయం దగ్గర్లోనే ఉన్నచోట చేపకు కొదవ లేదు. చేప ముక్కల్లో పిండిపదార్థం లేనట్టే లెక్క. పులుసు పల్చగా పెట్టి ముక్కలు ఎక్కువ తింటే దానికి అన్నంతో పని తక్కువ.

పొద్దుటి టిఫిన్ అన్నిటికంటే మొండి సమస్య. కోదాడ హైవే పక్క టిఫిన్ సెంటర్లో ఇడ్లీ, దోశ, పూరీ, మైసూర్ బోండా, ఏది అడిగినా బియ్యమో మైదానో. బియ్యం కలపకుండా, పొట్టు పెసలు నానబెట్టి రుబ్బిన పెసరట్టు ఒక్కటే ఆ వరుసలో కొంత నయం. ముప్పై గ్రాముల పెసలతో ఒక అట్టు వస్తుంది, అందులో పిండిపదార్థం పద్నాలుగు గ్రాములు. ఉప్మా పెట్టి ఇచ్చేదాన్ని మాత్రం నయం అనడానికి లేదు. బొబ్బర్ల గుగ్గిళ్లు, రెండు ఉడికిన గుడ్లు, మజ్జిగ కూడా టిఫినే. రెండు పెసరట్లు, మధ్యాహ్నం పైన చెప్పిన భోజనం, రాత్రికి ఒక చిన్న జొన్నరొట్టెతో గిన్నెడు కూర, పెరుగు, ఇవన్నీ కలిపితే రోజు మొత్తానికి పిండిపదార్థం 130 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. వైద్యులు లో కార్బ్ అనే మాటకు సాధారణంగా గీసే గీత కూడా అక్కడే.

బలం చాలదన్నది పెద్ద ఆక్షేపణ. సిమెంటు ఫ్యాక్టరీ షిఫ్టులో బరువులు మోసే మనిషికి, మిరప కోతకు వెళ్లే మనిషికి ఈ కొలత నిజంగానే చాలకపోవచ్చు. పనిచేసే కండరం చక్కెరను వాడుకుంటుంది, వాళ్లకు మరో కప్పు అన్నం పట్టవచ్చు. అయితే ఈ ఆక్షేపణను ఎక్కువగా లేవదీసేది దుకాణంలో గల్లా ముందు కూర్చునేవాళ్లే. మొదటి వారంలో వచ్చే నీరసం, తలతిరుగుడు కూడా చాలావరకు బలం తగ్గడం వల్ల కాదు. పిండి తగ్గగానే శరీరం నీటినీ ఉప్పునూ వదులుతుంది. ఒకటి రెండు గ్లాసుల మజ్జిగ ఎక్కువ తాగితే చాలావరకు సర్దుకుంటుంది. బీపీ మందులు వాడేవాళ్లు అదే సమయంలో డాక్టరుకు చూపించుకోవాలి.

ఖర్చు గురించిన ఆక్షేపణలో మాత్రం పస ఉంది. బియ్యం ఉచితంగా వస్తుంది, గుడ్డు కొనాలి, చేప కొనాలి, కూరగాయ కొనాలి. ఆ భారాన్ని వంటింటి చిట్కాలతో కప్పిపుచ్చడం తగదు. పెరట్లో మునగాకు, గట్ల మీద పొన్నగంటి, దొడ్లో నాలుగు బీరపాదులు కొంత ఆదుకుంటాయి. కొర్రల పొట్లాల మీద, షుగర్ లెస్ బస్తా మీద పెట్టే డబ్బును గుడ్లకూ పెసలకూ మళ్లిస్తే ఇంకొంత. బడిపిల్లలకు మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టే ప్రభుత్వం, రేషన్ షాపులో బియ్యానికి తోడు పెసలో కందిపప్పో ఇచ్చే ఆలోచన చేస్తే షుగర్ మాత్రలకయ్యే ఖర్చు కొంతయినా తగ్గుతుంది.

గింజ మారిస్తే చాలనడం ఒక అతి అయితే, రెండో అతి కూడా ఉంది. 2017, 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ చెప్పిన పద్ధతి, ధాన్యం, పప్పు, పండు పూర్తిగా మాని కొబ్బరి నూనె వంటి కొవ్వుల మీద బతకడం, తెలుగునాట ఒక ఊపు ఊపింది. బరువు తగ్గినవాళ్లున్నారు, షుగర్ దిగినవాళ్లూ ఉన్నారు. పిండి తగ్గించడం కొత్త కనిపెట్టు కూడా కాదు. ఇన్సులిన్ రాకముందు, 1797లోనే జాన్ రోలో అనే సైనిక వైద్యుడు షుగర్ రోగికి మాంసాహారం ప్రధానంగా పెట్టి ఫలితం చూశాడు. అమెరికా డయాబెటిస్ సంఘం 2019 నివేదిక కూడా చక్కెర అదుపుకు పిండి తగ్గించడమే ఎక్కువ ఆధారాలున్న మార్గమని ఒప్పుకుంది. కానీ పది మంది తినే ఇంట్లో, పెళ్లిళ్ల సీజన్‌లో, జాతర రోజుల్లో ఆ కఠోర వ్రతాన్ని ఏళ్ల తరబడి సాగించగలిగేవాళ్లు కొద్దిమందే. మానేసిన నాడు అన్నం మళ్లీ కంచం నిండా వస్తుంది. సగానికి తగ్గించి ఇరవై ఏళ్లు నడిపేవాళ్లే ఎక్కువ బాగుపడతారు.

మందులు వాడేవాళ్లు ఈ మార్పును చెప్పాపెట్టకుండా మొదలుపెట్టకూడదు. ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడుతూ హఠాత్తుగా అన్నం తగ్గిస్తే చక్కెర మరీ పడిపోయి, చెమటలు పట్టి, స్పృహ తప్పే ప్రమాదముంది. డాక్టరు ముందుగా డోసు తగ్గించాలి. డాపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడేవాళ్లు పిండిని పూర్తిగా మానితే రక్తంలో ఆమ్లం పెరిగే ముప్పుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లు గుడ్లు, మాంసం పెంచే ముందు క్రియాటినిన్ చూపించుకోవాలి. గర్భిణులూ, చిన్నప్పుడే షుగర్ వచ్చిన పిల్లలూ వైద్యుల చేతి మీదుగానే తిండి మార్చాలి. మిగిలినవాళ్లకు ఎంత అన్నం పడుతుందో చెప్పగలిగేది గ్లూకోమీటరే. తినబోయే ముందు ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి వేలు గుచ్చి చూసుకోవాలి. రెండో అంకె 180 దాటితే ఆ పూట ధాన్యం, అది వరి అయినా కొర్ర అయినా, ఒక గరిటె ఎక్కువైనట్టు. మర్నాడు ఆ గరిటె తగ్గించి, అదే కూరతో మళ్లీ చూసుకోవాలి.